నల్లమల నడక: వెంకటాపురం నుంచి శ్రీశైలం దాకా కాళ్లు నిలవాలంటే

భీముని కొలను లోయ అంచున రెండో రోజు మధ్యాహ్నం ఓ పది నిమిషాలు కూర్చుంటే చాలు, ఈ దారి గురించి తెలియాల్సినంతా తెలుస్తుంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు రాళ్ల మీద కూలబడతారు. చెప్పులు విప్పి అరికాళ్లు చూసుకుంటారు. ఎవరూ మాట్లాడరు. ముందు రోజు పొద్దున "ఓం నమశ్శివాయ" అని గొంతు చించుకున్నవాళ్లే ఇప్పుడు నీళ్ల సీసా అడగాలన్నా చేత్తో సైగ చేస్తారు. ఎదురుగా లోయ ఉంటుంది. దిగాలి, మళ్లీ అవతల అంతెత్తూ ఎక్కాలి. ఎక్కితే కైలాసద్వారం.

నేను ఈ దారిన నాలుగుసార్లు బయల్దేరి మూడుసార్లు చేరాను. చేరని ఆ ఒక్కసారే ఎక్కువ నేర్పింది. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, హాటకేశ్వరం మీదుగా శ్రీశైలానికి నలభై కిలోమీటర్ల పైచిలుకు అడవి దారి. రోడ్డు మీద ఈ దూరం పెద్ద లెక్క కాదు. ఇక్కడ కష్టమేమిటంటే, అన్నిటికన్నా గట్టి ఎక్కుడు మీ ఒంట్లో ఓపిక అడుగంటిన వేళకు ఎదురవుతుంది. అందుకే ఈ నడకకు లెక్క వెనక నుంచి వేసుకోవాలి. భీముని కొలను దగ్గరికి ఎంత ఓపికతో చేరాలో ముందు అనుకుని, మిగిలినదంతా దాని ప్రకారం సర్దుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలి

ఏడాది పొడుగునా నడవనిచ్చే దారి కాదిది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం లోపలి దారి. మహాశివరాత్రి, ఉగాది రోజుల్లోనే అటవీశాఖ భక్తులను వదులుతుంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, పొద్దున ఎన్ని గంటలకు గేటు తీస్తారు, సాయంత్రం ఎన్నింటికి ఆపేస్తారు అన్నది ఆ ఏటికి ఆ ఏడు చెబుతారు. బయల్దేరే వారం ముందు ఆత్మకూరులో కనుక్కోండి. పోయినేడు ఇలా ఉందని చెప్పే స్నేహితుడి మాట నమ్ముకుని బస్సెక్కకండి.

రెండు పండుగల్లో మొదటిసారి వెళ్లేవాళ్లకు నా ఓటు శివరాత్రికే. రాత్రి చలిగా ఉంటుంది, పగలు ఎండ భరించవచ్చు. ఉగాది నాటికి నల్లమల వేరు. ఆకు రాలిపోయి టేకు, మద్ది, తునికి చెట్లన్నీ మోడుల్లా నిలబడి ఉంటాయి. చెట్టు ఉంటుంది, నీడ ఉండదు. రాయి కాలుతుంది. నంద్యాల వైపు ఎండ సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పైగా అప్పుడు ఇప్పపూలు రాలే కాలం, వాటికోసం ఎలుగుబంట్లు తిరుగుతుంటాయి. ఉగాదికి నడిచేవాళ్లలో ఎక్కువమంది కర్ణాటక భక్తులు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా, మల్లయ్యను అల్లుడిగా భావించి, పండక్కి పుట్టింటి సారె తెచ్చినట్టు వస్తారు. వాళ్లు ఈ అడవికి వచ్చేసరికే వారాల తరబడి నడిచి ఉంటారు, కాళ్లు రాటుదేలి ఉంటాయి. వాళ్లను చూసి మనం పోటీ పడకూడదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. శివరాత్రి బహుళ చతుర్దశి. ఉగాది అమావాస్య మర్నాడు. అంటే ఈ దారి తెరిచే రెండు పండుగలూ వెన్నెల లేని రోజుల్లోనే వస్తాయి. సూర్యుడు కుంకగానే చిమ్మచీకటి, తన చెయ్యి తనకే కనపడదు. ఫోన్ టార్చి సరిపోతుందిలే అనుకునేవాళ్లకు ఆ ఫోన్ మొదటి రాత్రికే ఆగిపోతుంది. తలకు కట్టుకునే లైటు ఒకటి, అదనంగా బ్యాటరీలు తప్పకుండా ఉండాలి.

ఆరు వారాల ముందు నుంచి

శివదీక్ష తీసుకున్నవాళ్లకు మండలం రోజులు చేతిలో ఉంటాయి. ఆ నలభై ఒక్క రోజులూ పూజతో పాటు నడక కూడా నియమంగా పెట్టుకుంటే అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. మాల వేసుకోనివాళ్లూ అంతే సమయం తీసుకోండి.

మొదటి రెండు వారాలు రోజూ ఐదు కిలోమీటర్లు చాలు. వేగం ముఖ్యం కాదు, రోజు తప్పకపోవడం ముఖ్యం. మూడో వారం నుంచి ఆదివారాలు పన్నెండుకు, తర్వాత పదహారుకు పెంచండి. ఐదో వారంలో అసలు పరీక్ష పెట్టుకోవాలి. శనివారం ఇరవై కిలోమీటర్లు నడిచి, ఆదివారం పొద్దున్నే లేచి మళ్లీ పన్నెండు నడవండి. రెండో రోజు ఒళ్లు ఎలా ఉంటుందో, ఎక్కడ ఒరుసుకుంటుందో, ఏ వేలికి పొక్కు లేస్తుందో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది. అడవిలో తెలుసుకోవడం కన్నా ఇది నయం. ఈ నడకలన్నీ యాత్రకు మోసుకెళ్లే సంచితో, వేసుకునే చెప్పులతోనే చెయ్యాలి. ఆరో వారం విశ్రాంతి. చివరి వారంలో కష్టపడి సాధించేదేమీ ఉండదు, మోకాలు పట్టేయడం తప్ప.

మెట్లు ఎక్కడం అందరూ సాధన చేస్తారు, దిగడం ఎవరూ చెయ్యరు. తొడలు వణికేది దిగేటప్పుడే. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు లిఫ్ట్ మానేసి రోజుకు పదిసార్లు మెల్లగా, ముని వేళ్ల మీద కాకుండా పాదం మొత్తం ఆనిస్తూ దిగండి. "అలిపిరి మెట్లెక్కినోళ్లం, మాకిదేం లెక్క" అనేవాళ్లు ప్రతి గుంపులోనూ ఇద్దరుంటారు. అలిపిరి దారి మీద చాలా దూరం కప్పు ఉంటుంది, పక్కనే అంగడి ఉంటుంది, పైన గది ఉంటుంది. ఇక్కడ మెట్టుకూ మెట్టుకూ ఎత్తు కలవదు, రాయి కదులుతుంది, మొదటి రోజు నడిచాక పండుకునేది నేల మీద.

గుండె జబ్బు, అదుపులో లేని షుగరు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా బయల్దేరవద్దు. షుగరున్న వాళ్లకు అరికాలిలో స్పర్శ తగ్గి ఉంటే పుండు పడినా తెలియదు. అలాంటివాళ్లు దోర్నాల మీదుగా బస్సులో వెళ్లి హాటకేశ్వరం నుంచి నడిచి కైలాసద్వారం చూసి రావచ్చు. మల్లయ్య ఏమీ అనుకోడు.

కాళ్లు

ఈ అడవిలో పులికి భయపడేవాళ్లే ఎక్కువ. నేను చూసినంతలో మనిషిని కూర్చోబెట్టేది పొక్కు.

చెప్పులో చెమట, వేడి, రాపిడి, ఈ మూడూ కలిస్తే పొక్కు లేస్తుంది. మూడింటిలో ఒక్కటి తగ్గించినా చాలు. కొత్త బూట్లు వద్దే వద్దు, కనీసం వంద కిలోమీటర్లు నడిచి మెత్తబడినవే వేసుకోండి. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి అర సైజు పెద్దవి మంచివి. బొటనవేలి గోళ్లు మూడు రోజుల ముందే అడ్డంగా, సూటిగా కత్తిరించుకోండి. లోయలో దిగేటప్పుడు వేళ్లు బూటు ముందు భాగానికి కొట్టుకుని గోరు నల్లబడుతుంది. దిగుడు మొదలయ్యే ముందు ఆగి చీలమండ దగ్గర లేసు బిగించి కడితే పాదం ముందుకు జారదు. మూడు జతల మేజోళ్లు పెట్టుకోండి. తడిసినవి సంచికి వేలాడదీసి ఆరబెట్టుకుంటూ మార్చుకోవచ్చు.

బయల్దేరే ముందు వేళ్ల సందుల్లో, మడమకు, తొడల లోపలి వైపు కొబ్బరినూనె గానీ వాజలీన్ గానీ పట్టించండి. తొడలు ఒరుసుకుని నడవలేకపోవడం మగవాళ్లు సిగ్గుతో చెప్పుకోని బాధ. దీక్ష పంచె చెమటకు తడిసి గరుకెక్కితే ఇంకా కష్టం. లోపల మోకాళ్ల దాకా ఉండే బిగుతు నిక్కరు వేసుకోవడం వల్ల దీక్షకు భంగమేమీ లేదని మా గురుస్వామే చెప్పాడు.

పాదంలో ఎక్కడన్నా చురుక్కుమంటే వెంటనే ఆగాలి. "ఆ చెట్టు దాకా పోయి చూద్దాంలే" అన్న మాటే పొక్కును పెంచుతుంది. ఎర్రబడిన చోట తుడిచి, ఆరనిచ్చి, గుడ్డ ప్లాస్టరు ముడతలు లేకుండా అంటించండి. అప్పటికే నీళ్లు పట్టి, చిన్నదైతే చిదమకుండా చుట్టూ దూది పెట్టి కట్టు కట్టండి. మరీ పెద్దదై అడుగు వెయ్యనివ్వకపోతే, సూదిని స్పిరిట్‌తో తుడిచి, పొక్కు అంచున గుచ్చి నీరు పోనివ్వండి. పై తోలు మాత్రం పీకకండి, కిందున్న పచ్చి చర్మానికి దాన్ని మించిన కట్టు లేదు. మీద మందు రాసి ప్లాస్టరు వెయ్యండి.

మొక్కు ఉంది, చెప్పుల్లేకుండానే నడుస్తాం అనేవాళ్లతో నేను వాదించను. పల్లెల్లో ఏడాదంతా ఉత్త కాళ్లతో తిరిగేవాళ్లకు అది సాధ్యమే. ఆఫీసు కుర్చీలో కూర్చునేవాళ్లకు మాత్రం ఒక మధ్యేమార్గం చెబుతాను. కైలాసద్వారం దగ్గర చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుని, అక్కడి నుంచి గుడి దాకా ఉత్త కాళ్లతో నడవండి.

సంచిలో ఏముండాలి

ఇరుముడి కాకుండా సంచి బరువు ఆరు కేజీలు దాటకూడదు, అందులో సగం నీళ్లే. మూడు లీటర్లు మోసే ఏర్పాటు ఉండాలి. పెట్ సీసాలు కాకుండా స్టీలువో, గట్టి డబ్బాలో పెట్టుకోండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను అడవిలోకి రానివ్వరు, గేటు దగ్గరే తీసేస్తారు. అగ్గిపెట్టె, బీడీ, సిగరెట్టూ అంతే. ఎండాకులు మోకాటి లోతు పరుచుకుని ఉండే రోజులవి, ఒక్క పీక చాలు కొండ అంటుకోవడానికి.

పల్చటి దుప్పటి, ఒక జత బట్టలు, తువ్వాలు, లైటు, విజిల్, పేపరు మీద రాసుకున్న ఇంటి నంబర్లు, మీ మందులు, ప్లాస్టర్లు, సూది, చిన్న పట్టకారు, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఆరు, క్లోరిన్ బిళ్లలు. ఒక కర్ర. కర్రను తక్కువ అంచనా వెయ్యకండి, దిగుడులో అదే మూడో కాలు. ఫోన్‌కు చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. గుంపులో అందరికీ ముందే ఒక మాట చెప్పుకోండి, తప్పిపోతే ముందుకు పోకుండా పక్క మజిలీలో ఎక్కడ కలవాలో.

తిండి విషయంలో కర్ణాటక యాత్రికుల సంచి చూడండి. ఎండబెట్టినట్టుండే కడక్ జొన్న రొట్టెలు, వేరుశనగ పొడి, బెల్లం. వారాలున్నా పాడవదు, బరువుండదు, నీళ్లలో తడిపితే మెత్తబడుతుంది. మనవాళ్లు పులిహోర, పెరుగన్నం కట్టుకొస్తారు. మొదటి పూటకు పులిహోర బాగానే ఉంటుంది, పెరుగన్నం ఎండలో మధ్యాహ్నానికే పులిసిపోతుంది. అటుకులు, పుట్నాలు, బెల్లం, చిక్కీ, ఎండు కొబ్బరి, ఖర్జూరాలు పెట్టుకోండి. దారిలో అన్నదానాలు ఉంటాయి, పుణ్యాత్ములు అంతంత దూరం మోసుకొచ్చి వండి పెడతారు. కానీ దొరికింది కదా అని కడుపు నిండా తిని ఎండలో కొండ ఎక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. సగం కడుపుతో లేవండి.

నీళ్లు, ఉప్పు

ఎండలో ఎక్కుడు దారిన గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు. ప్రతి ఇరవై నిమిషాలకు నాలుగు గుక్కలు తాగండి. ఒక్కసారిగా లీటరు గటగటా తాగితే కడుపు బరువెక్కడం తప్ప లాభం లేదు. మూత్రం రంగు చూసుకోండి. మూత్రం లేత పసుపు ఉంటే సరే, ముదురు పసుపైతే నీళ్లు తక్కువైనట్టు, పొద్దుటి నుంచి అసలు రాకపోతే నడక ఆపాల్సిందే.

చెమటతో నీరొక్కటే పోదు, ఉప్పు కూడా పోతుంది. వట్టి నీళ్లే తాగుతూ పోతే పిక్కలు పట్టేస్తాయి, తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది. అది నీళ్లు చాలక అనుకుని ఇంకా తాగుతారు, అది ఇంకా ప్రమాదం. మూడు సీసాల్లో ఒకదానిలో ఓఆర్‌ఎస్ కలిపి ఉంచండి. పొట్లం అయిపోతే లీటరు మంచినీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలవాలి. ఉప్పేసిన మజ్జిగ ఎవరన్నా ఇస్తే వదలకండి.

పండుగ రోజుల్లో మజిలీల దగ్గర తాగునీళ్లు పెడతారు. వాగు నీళ్లో చెరువు నీళ్లో తాగాల్సి వస్తే గుడ్డతో వడకట్టి, క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగండి. అడవి నీళ్లు స్వచ్ఛమని పెద్దలంటారు. ఆ నీళ్లలోనే ముందు రోజు కొన్ని వేలమంది కాళ్లు కడుక్కున్నారని వాళ్లకు గుర్తు చెయ్యండి.

మొదటి రోజు: వెంకటాపురం నుంచి పెచ్చెరువు

గేటు తియ్యగానే బయల్దేరండి. మొదటి గంటలో అందరూ పరుగులాంటి నడక నడుస్తారు, ఒళ్లు చల్లగా ఉంటుంది, భజన జోరుగా ఉంటుంది. ఆ జోరులో పడకండి. పక్కవాడితో ఆగకుండా మాట్లాడగలిగే వేగమే మీ వేగం. మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకోవాల్సి వస్తే తగ్గించండి.

నాగలూటిలో వీరభద్రస్వామి గుడి ఉంది. చాలామంది దణ్ణం పెట్టి దాటిపోతారు. పావుగంట కూర్చోండి. గుడి పాతది, నీడ బాగుంటుంది, ఆ తర్వాత ఎక్కుడు మొదలవుతుంది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడని చరిత్ర చెబుతుంది. ఈ దారిలో రాతి మెట్లు చూసినప్పుడల్లా, వాటిని మోసినవాళ్లకు ఓఆర్‌ఎస్ ఎవరిచ్చి ఉంటారని నాకు అనిపిస్తుంది.

యాభై నిమిషాలు నడక, పది నిమిషాలు కూర్చోవడం. ఈ లెక్కను బలం ఉన్నప్పుడు కూడా తప్పకండి. అలసట వచ్చాక తీసుకునే విశ్రాంతి అప్పు తీర్చడానికే సరిపోతుంది. కూర్చున్నప్పుడు సంచి దించి, బూట్లు విప్పి, కాళ్లు రాతి మీద ఎత్తి పెట్టండి. రాతిని ముందు కర్రతో తట్టండి, కింద తేలు ఉండొచ్చు. పదకొండు నుంచి మూడున్నర దాకా ఎక్కడ నీడ దొరికితే అక్కడ ఆగిపోవాలి. ఈ నాలుగున్నర గంటలు వృథా అని ముందుకు నడిచేవాళ్లు సాయంత్రం మీ వెనకే వస్తారు.

గుంపు వేగం అందరికన్నా మెల్లగా నడిచేవాడి వేగం. అతన్ని వెనక పెట్టకండి, ముందు పెట్టండి. వెనకున్నవాడు ఎప్పుడూ అందుకోవాలని ఆరాటపడతాడు, అందుకునేసరికి ముందున్నవాళ్లు విశ్రాంతి అయిపోయి లేస్తారు. అతనికి విశ్రాంతే దొరకదు. మేం తిరిగొచ్చిన ఏడు జరిగింది ఇదే. మాలో ఒక పెద్దాయన, అరవై దాటినాయన, రోజంతా చివరే నడిచాడు. "బాగున్నావా స్వామీ" అని అడిగిన ప్రతిసారీ "శివా, బాగున్నా" అన్నాడు. పెచ్చెరువు చేరాక బూటు విప్పితే మడమ తోలు మేజోడుతో పాటు ఊడి వచ్చింది. అప్పటి నుంచి నేను మాట అడగను. పాదం చూపించమంటాను.

పెచ్చెరువులో రాత్రి, తేల్చుకోవాల్సిన చోటు

పెద్దచెరువును అందరూ పెచ్చెరువనే అంటారు. ఇక్కడ చెంచు గూడెం ఉంది. చెంచులకు శ్రీశైలం మల్లన్న ఇంటి అల్లుడు, చెంచు మల్లయ్య. మనం అతిథులం. వాళ్ల ఇళ్ల ముందు చెత్త వెయ్యకండి, అడక్కుండా ఫోటోలు తియ్యకండి. దారి గురించి, నీళ్ల గురించి వాళ్లు చెప్పేది గూగుల్ మ్యాపు కన్నా నయం. ఒకసారి నేను చీకటి పడ్డాక చెరువు వైపు వెళ్తుంటే ఒకాయన చేతిలోని లైటు తీసుకుని ఆర్పేసి, "సామీ, రెండు నిమిషాలు ఊరకుండు" అన్నాడు. నిలబడ్డాను. చెరువు అవతల ఏదో జంతువు నీళ్లు తాగుతున్న చప్పుడు. అది వెళ్లిపోయాక లైటు చేతికిచ్చి పొమ్మన్నాడు.

పండుగ రోజుల్లో నీళ్లు, సరుకులు తెచ్చే ట్రాక్టర్లు ఇక్కడి దాకా వస్తుంటాయి. అంటే నడవలేని మనిషిని వెనక్కి పంపడానికి వీలున్న చివరి చోటు ఇదే. దీన్ని దాటితే సొంత కాళ్లు, లేకపోతే డోలీ. కాబట్టి భోజనాలయ్యాక అందరూ వరుసగా కూర్చుని కాళ్లు చూసుకోండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. మధ్యాహ్నం నుంచి మూత్రం వచ్చిందా? తిన్నది కడుపులో నిలిచిందా? ఏ కీలుకైనా వాపు ఉందా? రెండింటికి జవాబు బాగా లేకపోతే ఆ మనిషి తెల్లారి ట్రాక్టరెక్కాలి, తోడుగా ఇంకొకరు వెళ్లాలి. మొక్కు మిగిలిపోయిందని ఏడుస్తారు. ఏడవనివ్వండి గానీ పంపండి. ఆ పెద్దాయనతో వెనక్కి వచ్చింది నేనే, ఆత్మకూరు దాకా ఆయన నాతో మాట్లాడలేదు. మరుసటి ఏడు ఆయనా నేనూ కలిసే నడిచాం, చేరాం.

నిద్ర కనీసం ఆరు గంటలు పోవాలి. పడుకునే ముందు పాదాలు కడిగి, పూర్తిగా తుడిచి, కాసేపు గాలికి ఆరనిచ్చి నూనె రాయండి. ఎండుటాకుల మీద పడుకోకండి. పిడుదులు పడతాయి. ఒంటికి పట్టుకుంటే పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగాలి, సున్నం రాయడం, కాల్చడం చెయ్యకూడదు. పొద్దున బూట్లు దులిపే వేసుకోండి. రాత్రి అవసరానికి లేస్తే ఇద్దరు కలిసి, లైటుతో, దగ్గరలోనే.

రెండో రోజు: లోయ

వెలుగు రాగానే బయల్దేరండి, చీకట్లో వద్దు. ఎలుగుబంటికి చూపు, వినికిడి అంత చురుకు కాదు. మనిషి ఎదురుగా హఠాత్తుగా కనిపిస్తే భయంతో మీద పడుతుంది. తెల్లవారుజాము, సందె వేళలు దాని తిరుగుడు సమయాలు. గుంపుగా, శివనామం వినపడేలా చెప్పుకుంటూ నడిస్తే అదే తప్పుకుంటుంది. కనపడితే పరుగెత్తకుండా, దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి. పెద్ద తేనెపట్లు ఉన్న చెట్లు, రాళ్ల దగ్గర మాత్రం చప్పుడు చెయ్యకూడదు, సెంటు పూసుకుని రాకూడదు. లేచాయంటే చేతులు విసరకుండా మొహం కప్పుకుని పరుగెత్తడమే.

మఠంబావి దగ్గర సీసాలన్నీ నింపుకోండి. ఇక్కడ చాలామంది తొందరపడతారు, దగ్గరికి వచ్చేశాం కదా అని. మధ్యాహ్నం పన్నెండుకు సరిగ్గా లోయ మెట్ల మీద ఉంటారు. నా లెక్క వేరు. పదింటికి లోపు కొలను అడుగుకు చేరగలిగితే కాసేపు ఆగి ఎక్కేయండి. లేదంటే దిగి, అడుగున నీడలో పడుకుని, నాలుగు దాటాక ఎక్కండి. అప్పటికి ఎక్కితే చీకటి పడేలోగా కైలాసద్వారం చేరే సమయం ఉందో లేదో మాత్రం లోయ అంచునే చూసుకోండి.

ద్రౌపదికి దాహం వేస్తే భీముడు గదతో బండను కొట్టి నీళ్లు తెప్పించాడని ఈ కొలను కథ. దాహం సంగతి మాత్రం ఇక్కడికి వచ్చిన ప్రతివాడికీ అర్థమవుతుంది.

దిగేటప్పుడు లేసులు బిగించండి, కర్ర ముందు మెట్టు మీద ఆనించి తర్వాత కాలు వెయ్యండి. మోకాలు నొప్పి ఉన్నవాళ్లు మెట్ల మీద కాస్త పక్కకు తిరిగి దిగండి. ఒకరి వెనక ఒకరు నాలుగు మెట్ల దూరం ఉండాలి. ఒకరు జారితే కింద ఉన్నవారి మీద పడకూడదు.

ఎక్కేటప్పుడు మెట్లు లెక్కపెట్టవద్దు. పైకి చూడవద్దు. యాభై మెట్లకు ఒకసారి నిలబడి ఐదుసార్లు నిండుగా ఊపిరి తీసుకుని మళ్లీ కదలండి. కూర్చుంటే తొడలు బిగుసుకుంటాయి కాబట్టి నిలబడే ఆగడం మంచిది. వెనక కాలు నిటారుగా సాగదీసి ఒక్క క్షణం బరువు దాని మీద ఉంచి, తర్వాత ముందు కాలు వేస్తే కండరానికి అడుగడుగునా చిటికెడు విశ్రాంతి దొరుకుతుంది. కొండలెక్కే కూలీలు చేసేది ఇదే.

ప్రాణం మీదికి వచ్చే సందర్భాలు

వడదెబ్బ ముందు మాటలో తెలుస్తుంది. మనిషి సంబంధం లేకుండా మాట్లాడినా, తూలినా, పేరు అడిగితే తడుముకున్నా అది మామూలు అలసట కాదు. ఒళ్లు కాలిపోతుంటుంది. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి తువ్వాలుతో విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడి గుడ్డలు పెట్టండి. స్పృహ సరిగ్గా లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యవద్దు. ఒకరిని దగ్గరి వైద్య శిబిరానికి పరుగెత్తించండి. చల్లబరచడం మాత్రం వాళ్లు వచ్చేదాకా ఆపకండి.

పాము కరిస్తే తాడు బిగించి కట్టకూడదు, కొయ్యకూడదు, పీల్చకూడదు, పసరు తాగించకూడదు. కరిచిన కాలు కదలకుండా కర్ర కట్టి, మనిషిని నడిపించకుండా డోలీలో మోసుకెళ్లాలి. కాలి కడియాలు, ఉంగరాలు వాపు రాకముందే తీసెయ్యండి. విషానికి విరుగుడు ఆసుపత్రిలోనే ఉంటుంది. సిగ్నల్ దొరికిన చోటి నుంచి 108కి చెప్పండి.

ఛాతీలో బిగింపు, ఎడమ చేయి లాగడం, చెమటలు పోయడం ఉంటే ఇంకో మెట్టు ఎక్కించవద్దు.

కైలాసద్వారం దాటాక

ఇక్కడ చాలామంది ఏడుస్తారు, నేనూ ఏడ్చాను. కానీ హాటకేశ్వరం, అక్కడి నుంచి గుడి ఇంకా ఉన్నాయి. ప్రాణం తేలికపడ్డాక కాళ్లు తడబడతాయి, చీలమండలు మడతపడేది ఈ చదును దారిలోనే. కూర్చుని బెల్లం, నీళ్లు తీసుకుని, ప్లాస్టర్లు మార్చుకుని లేవండి. శిఖరేశ్వరం ఈ దారిలో రాదు, అది దోర్నాల రోడ్డు మీద ఉంది. శిఖర దర్శనం తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి.

శివరాత్రికి చేరినవాళ్లకు క్యూ ఇంకో యాత్ర. గంటల తరబడి నిలబడాలి. చేరిన వెంటనే క్యూలోకి దూకకుండా, వీలుంటే స్నానం చేసి, తిని, రెండు మూడు గంటలు పడుకుని వెళ్లండి. ఆ రాత్రి గుడి శిఖరానికి తలపాగాలా గుడ్డ చుట్టే పాగాలంకరణ చూడాలనుకునేవాళ్లు పండుగకు ముందు రోజు సాయంత్రానికే చేరేలా మొత్తం లెక్క వేసుకోవాలి.

తిరుగు ప్రయాణం నడిచి వద్దు. బస్సెక్కండి, అయితే అడవి రోడ్డు గేట్లు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, దాన్ని బట్టి చూసుకోండి. బస్సులో కాళ్లు కిందికి వేలాడేసి నాలుగు గంటలు కూర్చుంటే పాదాలు బూరెల్లా ఉబ్బుతాయి. మధ్య మధ్య లేచి నిలబడండి. ఇంటికెళ్లాక నాలుగు రోజులు గోరువెచ్చని ఉప్పునీళ్లలో పాదాలు పెట్టి, ఆరబెట్టి, పొక్కుల చుట్టూ ఎరుపు పాకుతోందా, చీము పడుతోందా చూసుకోండి. జ్వరం వస్తే డాక్టరుకు చూపించి, అడవిలో నడిచొచ్చామని, పిడుదులు పట్టాయేమో అని తప్పకుండా చెప్పండి. నల్లబడిన బొటనవేలి గోరు రెండు మూడు నెలలకు తనంతట తానే రాలి, కింద కొత్తది వస్తుంది, దాన్ని పీకకండి.